శుభలేఖల షాపు మూసేయాలా, లోను తీసుకుని డిజిటల్ మిషన్ పెట్టాలా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "నాన్నగారిది పాత చిన్న ప్రెస్సు. ముందు గదిలో గ్రీటింగ్ కార్డులు, శుభలేఖల షాపు ఉంది. వెనక ఒక ట్రెడిల్ (కాలితో తొక్కే పాత అచ్చు మిషన్), స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, ఒక పాత కంప్యూటర్ ఉన్నాయి. గ్రీటింగులు ఎవరూ కొనడం లేదు. పెళ్లి కార్డులు కూడా వాట్సాప్‌లోనే పంపేస్తున్నారు. బ్యాంకు లోను తీసుకుని డిజిటల్ ప్రింటింగ్ మిషన్ పెట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. పెట్టాలా? లేక షాపు మూసేసి, ట్రెడిల్‌నీ సీసం అక్షరాలనీ పాత సామాన్ల వాళ్లకి అమ్మేయాలా?"

బాబూ, నేను బరంపురంలో 1989 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేరి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. మీ నాన్నగారు ఇప్పుడు పడుతున్న టెన్షన్ నేనూ పడ్డాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు చెప్పేస్తాను. షాపు మూసేయొద్దు. అలాగని ఇప్పుడే లోనూ తీసుకోవద్దు. మీ దగ్గర ఉన్న ఒక సరుకుని మీరు లెక్కలో వేసుకోలేదు. తెలుగు, ఒడియా రెండూ తప్పు లేకుండా రాసి అచ్చువేయగలగడమే ఆ సరుకు. మీ నాన్నగారికి అది వచ్చు. మీకు వచ్చో లేదో మీరు రాయలేదు. రాకపోతే మిషన్ కన్నా ముందు అది నేర్చుకోండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కింద రాస్తాను.

గ్రీటింగ్ కార్డు వేరు, శుభలేఖ వేరు. రెండూ ఒకే షాపులో, ఒకే బల్ల మీద అమ్ముతాం కాబట్టి రెండూ ఒకేసారి పోతున్నట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు.

గ్రీటింగుల సంగతి ముందు చూద్దాం. డిసెంబరు సగం దాటిందంటే మా బజారులో ఫుట్‌పాత్ మీద తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు వేలాడదీసేవాళ్లు. సినిమా హీరోలవి, గులాబీలవి, తెరిస్తే పాట వచ్చేవి. ఆ పాట కార్డులో గుండీ అంత బ్యాటరీ, చిన్న చిప్పు ఉండేవి. మడత విప్పగానే లోపల సన్నటి పట్టీ జరిగి కరెంటు కలిసేది. కొనే స్తోమత లేని పిల్లలు వచ్చి తెరిచి తెరిచి వినేవాళ్లు. నేను ఎవరినీ కసిరేవాణ్ణి కాదు. ఢిల్లీలో 1979లో మొదలైన ఆర్చీస్ కార్డులు అద్దాల షాపుల్లో ఉండేవి. మా ఫుట్‌పాత్ సరుకు ఎక్కువగా శివకాశి నుంచి వచ్చేది. న్యూ ఇయర్, సంక్రాంతి, ఆ తర్వాత పరీక్షలకి ముందు 'బెస్ట్ ఆఫ్ లక్' కార్డులు. ఈ మూడు నెలల అమ్మకంతో ఏడాది అద్దె వచ్చేసేది.

తర్వాత ఎస్సెమ్మెస్ వచ్చింది. పండగ రోజుల్లో ప్యాకులు పనిచేయవు, ఒక్కో మెసేజికి పూర్తి చార్జీ పడుతుంది అని కంపెనీలు ముందే చెప్పేవి. అయినా జనం పంపారు. కార్డు ధర, పోస్టు స్టాంపు, పోస్టాఫీసు దాకా నడక, వీటి ముందు అది చవకే. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు, 2016 సెప్టెంబరులో జియో. ఆ ఏడాది నేను తెప్పించిన న్యూ ఇయర్ కార్డుల్లో చాలావరకు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. మరుసటి ఏడాది తెప్పించడం మానేశాను.

దీనికి బాధపడాలి కానీ, కోపం తెచ్చుకోనక్కర్లేదు. అసలు గ్రీటింగ్ కార్డే ఒక కొత్త టెక్నాలజీ పుణ్యాన పుట్టింది. ఇంగ్లండులో 1840లో పెన్నీ పోస్టు వచ్చింది. దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీకి ఉత్తరం వెళ్లేది. దాంతో అందరూ అందరికీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ పోస్టు పథకంలో పనిచేసిన సర్ హెన్రీ కోల్ గారికే క్రిస్మస్‌కి వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేకపోయింది. 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి, వెయ్యి కార్డులు అచ్చువేయించారు. తనకు కావలసినవి వాడుకుని, మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకి అమ్మించారు. అంటే చేత్తో రాసే పని తప్పించుకోవడానికే కార్డు పుట్టింది. ఇంకా తేలికైన దారి దొరికినప్పుడు జనం అటు వెళ్లారు, అంతే. 1992 డిసెంబరు 3న ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది. అందులో ఉన్న మాట 'మెర్రీ క్రిస్మస్'. ఫోనులో వెళ్లిన మొట్టమొదటి మెసేజే ఒక గ్రీటింగు అన్నమాట.

ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఎలక్ట్రానిక్ కార్డులు పంపే వెబ్‌సైట్ 1994లోనే అమెరికాలో ఎంఐటీలో మొదలైంది. తర్వాత బ్లూ మౌంటెన్ అనే సైటు వచ్చింది. ఉచితంగా ఎవరికైనా ఈ-కార్డు పంపుకోవచ్చు. 1999లో దాన్ని ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీ సుమారు 78 కోట్ల డాలర్లు లెక్కగట్టి కొన్నది. రెండేళ్లు తిరగకుండా, 2001లో, అమెరికన్ గ్రీటింగ్స్ వాళ్లకి మూడున్నర కోట్ల డాలర్లకి అమ్ముకుంది. కోట్లమంది వాడారు, డబ్బు మాత్రం రాలేదు. "నేనూ ఒక యాప్ పెట్టి న్యూ ఇయర్ కార్డులు అమ్ముతాను" అని మీకు ఎవరైనా సలహా ఇస్తే ఈ కథ గుర్తుపెట్టుకోండి. అదే కాలంలో, 2000లో, లండన్‌లో మూన్‌పిగ్ అనే కంపెనీ మొదలైంది. మనిషి ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్‌లో పేరు, ఫోటో పెట్టుకుంటే, వాళ్లు అచ్చు కాగితం మీద కార్డు వేసి పోస్టులో పంపుతారు. ఆ కంపెనీ 2021లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దాకా వెళ్లింది. రెండూ ఇంటర్నెట్ వ్యాపారాలే. ఒకటి కబురు మాత్రం పంపింది, రెండోది ఆ మనిషి పేరుతో ఒక వస్తువు చేతికి ఇచ్చింది. తేడా అక్కడుంది.

మన దగ్గర బర్త్‌డే కార్డుకి అంత గిరాకీ లేదు, రాదు కూడా. మన దగ్గర పేరుతో చేతికిచ్చే వస్తువు శుభలేఖ.

శుభలేఖ ఎప్పుడూ కబురు కోసం లేదు. మన ఇళ్లలో పెళ్లికి పిలవడం అంటే గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, నోరారా పిలవడం. ఒడియా వాళ్లు పోకచెక్క ఇచ్చి పిలుస్తారు. వాళ్ల మొదటి పిలుపు పూరీ జగన్నాథుడికి, మన మొదటి కార్డు ఇంటి దేవుడి ముందు పసుపు రాసి. ఎవరి పెళ్లి ఎప్పుడో ఊరందరికీ ముందే తెలుసు. అయినా కార్డు అందకపోతే "మాకు కార్డు ఇవ్వలేదు" అని పెళ్లికి రాని చుట్టాలు ఉన్నారు. ఫోనులో పంపి ఊరుకున్నారని అలిగినవాళ్లూ ఉన్నారు. అందుకే కార్డు పూర్తిగా పోలేదు, సంఖ్య తగ్గింది. ఒకప్పుడు ఐదొందలు, వెయ్యి వేయించిన ఇంటివాళ్లు ఇప్పుడు నూట యాభై వేయిస్తున్నారు. దూరంగా ఉన్నవాళ్లకి, ఆఫీసు వాళ్లకి వాట్సాప్. దగ్గరవాళ్లకి, పెద్దవాళ్లకి కాగితం. అయితే ఆ నూట యాభైకి ఇదివరకటి కన్నా మంచి కాగితం, మంచి పని అడుగుతున్నారు. లేజర్‌తో జాలీలా కోసిన కార్డు, బంగారు ఫాయిలు, మూడు వందల జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల లెక్క) బోర్డు.

మొన్న మాఘంలో జరిగింది చెబుతాను. పర్లాకిమిడి నుంచి ఒక కుటుంబం వచ్చింది. అమ్మాయి తరఫు తెలుగువాళ్లు, అబ్బాయిది గుణుపూర్‌లో ఒడియా కుటుంబం. అమ్మాయి డిజైన్ అంతా ఫోనులోనే చూసి ఓకే చేసేసింది. వాళ్ల మామ్మ గారిని కూడా తీసుకొచ్చారు. ఆవిడకి ఫోనులో అక్షరాలు ఆనలేదు. నేను ప్రూఫు కాగితం మీద తీసి ఇచ్చాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివింది. వధువు పేరు చదివాక వేలు ఆపి, కాసేపు అలాగే ఉంది. తర్వాత కిందికి వచ్చి, 'ఆహ్వానించువారు' దగ్గర రెండుసార్లు చదివి, "మా చెల్లెలి పేరు ఏదీ?" అంది. ఎవరికీ తట్టలేదు. ఆ చెల్లెలు బొబ్బిలిలో ఉంటుందట, పిల్లలు లేరట. ఆ పేరు చేర్చాం. ఆ అమ్మాయి తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ, చదువంతా ఒడియాలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. వాళ్ల మామ్మకి తెలుగు తప్ప ఇంకో లిపి రాదు. మధ్యలో ఉన్నది మన కార్డు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. రాయగడ, జయపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎక్కడ చూసినా తెలుగు ఇళ్లు, ఒడియా ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పెళ్లిళ్లూ కలుస్తున్నాయి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా, ఆఫీసు వాళ్ల కోసం ఇంగ్లీషు. ఇలా మూడు లిపుల కార్డు అడిగేవాళ్లు నా దగ్గర ఏటా పెరుగుతున్నారు. హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో ఎంత అందమైన డిజైన్ తెప్పించుకున్నా, ఆ అక్షరాలు సరిచూసేవాడు అక్కడ దొరకడు.

టెక్నాలజీ ఇక్కడ ఎక్కడ చిక్కు పెడుతుందో చెబుతాను. ఇది మీకు బాగా పనికొస్తుంది. మీ పాత కంప్యూటర్‌లో అను ఫాంట్లు గానీ శ్రీలిపి గానీ ఉండి ఉంటాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం చోటులో కూర్చుని ఉంటుంది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఇప్పుడు కస్టమర్ మేటర్ వాట్సాప్‌లో పంపుతాడు. అది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఒకే అక్షరాల పద్ధతి. అందులో తెలుగుకి వేరే గది, ఒడియాకి వేరే గది ఉంటాయి. ఆ మేటర్‌ని పాత కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. 'లక్ష్మి' కాస్తా 'లక్‌ష్‌మి' అవుతుంది. కన్వర్టర్‌లో వేసి మారిస్తే కొన్ని ఒత్తులు, సున్నలు జారిపోతాయి. అలా మార్చిన మేటర్‌ని అక్షరం అక్షరం చదవకుండా ప్లేటుకి (అచ్చు వేసే రేకుకి) పంపకండి. వీలైతే యూనికోడ్ సరిగ్గా చూపించే కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారిపోండి. మంచి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా కూడా దొరుకుతున్నాయి.

ఏఐ గురించి కూడా అడుగుతారు కదా. బొమ్మలకి వాడుకోండి. మండపం, అరటి చెట్లు, రథచక్రం లాంటివి చకచకా గీసిపెడుతుంది. కానీ బొమ్మలోపల తెలుగు అక్షరాలు వేయమంటే చాలాసార్లు ఒత్తు ఒక చోట, గుడి ఒక చోట పడతాయి. చూడ్డానికి తెలుగులాగే ఉంటుంది, చదివితే మాట ఉండదు. బొమ్మ తెచ్చుకుని అక్షరాలు మీరే పేర్చండి.

అనువాదం యంత్రానికి అప్పజెప్పితే ఇంకా ప్రమాదం. కొండ వారి ఇంటిపేరు మా దగ్గర ఒకసారి ఒడియాలో 'పాహాడ' అయి వచ్చింది. పేరుని పేరుగా ఉంచకుండా, కొండ అనే అర్థాన్ని ఒడియాలోకి మార్చేసింది. ఇంకోటి, ఒడియాలో వ, బ పలకడంలో కలిసిపోతాయి. వాళ్లు పిలిచేది 'బిష్ణు', మనం రాసేది 'విష్ణు'. తెలుగువైపు కార్డులో ఎలా వేయాలి? ఆ అబ్బాయి ఇంటివాళ్లని అడగాలి. కొందరు బిష్ణు అనే వేయమంటారు, అది వాళ్ల పేరు. మనం దిద్దకూడదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు తిథి. మన నెల అమావాస్యతో అవుతుంది. ఒడియా పంచాంగంలో తిథుల లెక్కకి నెల పున్నమితో అవుతుంది. శుక్లపక్షంలో రెండు పేర్లూ ఒకటే. బహుళపక్షంలో మాత్రం మన 'వైశాఖ బహుళ పంచమి' వాళ్లకి 'జ్యేష్ఠ కృష్ణ పంచమి'. రోజు ఒకటే, నెల పేరు వేరు. తెలుగు కార్డుని మాటకి మాట ఒడియాలోకి మారిస్తే నెల తప్పు పడుతుంది. పెళ్లిపెద్దలు తారీఖు చూసి ఊరుకున్నా, పురోహితుడు పట్టుకుంటాడు. రెండువైపుల మేటర్ రెండువైపుల పురోహితులకి విడివిడిగా చూపించండి. మీ నాన్నగారికి ఇది తెలిసే ఉంటుంది. ఆయన దగ్గర కూర్చుని ఇలాంటివి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందటి మాట. ఒక ఇంటివాళ్లు ప్రూఫు మీద ప్రూఫు వాట్సాప్‌లోనే చూసి, పేర్లు పైకి కిందికి మార్పించారు. ఐదోసారి మార్చినప్పుడు ఒక లైను జరిగి, చనిపోయిన పెదనాన్న గారి పేరు ముందు ఉండాల్సిన 'కీ.శే.' వెళ్లి, బతికున్న తాతగారి పేరు ముందు పడింది. వాళ్లు ఫోనులో చిన్న బొమ్మ చూసి ఓకే అన్నారు. నేను చదవలేదు. మూడు వందల కార్డులు అచ్చయి, సగం పంచాక ఒకాయన ఫోన్ చేశాడు. నేను ఆ ఇంటికి వెళ్లాను. తాతగారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. ఆయన ముందు నిలబడి క్షమించమని అడగడం నా జన్మలో మర్చిపోలేను. కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేసి, పంచిన ఇళ్లకి నేనే తిరిగి మార్చి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఫోనులో ఓకే అంటే నేను ఒప్పుకోను. ప్రూఫు కాగితం మీద తీస్తాను. ఇంటివాళ్లలో ఒక పెద్దమనిషి నా ముందు పైకి చదవాలి, చదివినవాళ్లు కింద సంతకం పెట్టాలి. దూరాన ఉంటే వీడియో కాల్‌లో చదివిస్తాను. మీరూ ఇది పెట్టుకోండి.

కార్డు మాటల గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెప్పారు, మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడారు. అదే ఊరి శుభలేఖల్లో ఇప్పటికీ ఎవరికీ అర్థంకాని సమాసాలు నడుస్తున్నాయి. 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' పైన ఉండనివ్వండి, అది మంత్రంలాంటిది. కింద మాత్రం "మా అమ్మాయి పెళ్లి. మీరు కుటుంబంతో వచ్చి ఆశీర్వదించాలి" అని మామూలు తెలుగులో ఒక నమూనా కూడా చూపించండి. నా దగ్గర ఈ మధ్య పిల్లలు అదే ఎంచుకుంటున్నారు. వాళ్లకి చదవడం తేలిక, ఇంటి మాటలా ఉంటుంది.

వాట్సాప్ కార్డుని శత్రువుగా చూడకండి. అది కూడా మీరే చేసి డబ్బు తీసుకోవాలి. కాగితం కార్డు ఆర్డరు ఇచ్చినవాళ్లకి నిలువు బొమ్మ ఒకటి, ముప్పై నలభై సెకన్ల వీడియో ఒకటి విడిగా రేటు కట్టి ఇవ్వండి. ఊరికే ఇస్తే దానికి విలువ ఉండదు, తర్వాత ఎవరూ డబ్బివ్వరు. బొమ్మని మామూలు ఫోటోలా పంపితే వాట్సాప్ నొక్కేసి అక్షరాలు చెదురుతాయి. డాక్యుమెంట్‌గా పంపించండి. ఫోను తెర మీద మామ్మ గారు కూడా చదవగలిగేలా అక్షరం పెద్దది వేయండి, ఇరవై పేర్లు కుక్కకండి.

ఫోనులో కార్డు వస్తోందంటే ఒక జాగ్రత్త మీ కస్టమర్లకి తప్పకుండా చెప్పాలి. పెళ్లి కార్డు పేరుతో ఏపీకే ఫైలు పంపి, నొక్కగానే ఫోనులో దొంగ యాప్ దింపి, బ్యాంకు డబ్బు లాగేసే మోసం 2024 చివర నుంచి బాగా నడుస్తోంది. నిజమైన కార్డు బొమ్మగా, పీడీఎఫ్‌గా, వీడియోగా వస్తుంది. చివర ఏపీకే అని ఉంటే అది కార్డు కాదు. ఎవరి నంబరు నుంచి వచ్చినా సరే, తెరవకూడదు. ఎవరైనా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఈ నాలుగు మాటలు నేను షాపులో తెలుగులో, ఒడియాలో రాసి గోడకి అంటించాను. పెళ్లివారికి ఇచ్చే కవర్ల కట్టలో కూడా ఒక చీటీ పెడతాను.

క్యూఆర్ కోడు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అడగకపోయినా మీరే చెప్పండి. జపాన్‌లో డెన్సో అనే కంపెనీ 1994లో కారు విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి చేసింది. ఇప్పుడు మన కళ్యాణమండపానికి దారి చూపిస్తోంది. వేసేటప్పుడు చుట్టూ ఖాళీ అంచు వదలాలి. కోడు సైజు కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి. మెరూన్ కాగితం మీద బంగారు రంగులో వేయమని అడుగుతారు, చాలా ఫోన్లకి అది సరిగ్గా ఆనదు. తెల్ల గడిలో నల్లగానే వేయండి. మధ్యలో వినాయకుడి బొమ్మ కావాలంటే తప్పు సర్దుకునే స్థాయి (ఎర్రర్ కరెక్షన్) అన్నిటికన్నా ఎక్కువ పెట్టి చేయండి. అప్పుడు కోడులో దాదాపు 30 శాతం దెబ్బతిన్నా చదవగలదు. ఉచితంగా కోడు చేసిచ్చే కొన్ని సైట్లు తమ లింకు గుండా తిప్పుతాయి, గడువయ్యాక అది ఆగిపోతుంది. మండపం మ్యాపు లింకుని నేరుగా పెట్టండి. ప్లేటుకి పంపే ముందు ప్రూఫు మీద రెండు రకాల ఫోన్లతో చూసుకోండి.

ఇక లోను సంగతి. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు, రంగు కుదిరేదాకా వేస్టు షీట్లు. వెయ్యి కార్డులయినా వంద కార్డులయినా ఆ ఖర్చు ఒకటే. 1993లో ఇండిగో వాళ్లు ప్లేట్లు లేని రంగుల డిజిటల్ ప్రెస్సు తెచ్చినప్పటి నుంచి ఆ లెక్క మారింది. ఒక్క కార్డు కూడా వేయొచ్చు, కార్డు కార్డుకీ పేరు మార్చి వేయొచ్చు. నూట యాభై కార్డుల కాలానికి ఇది సరిపోయిన పద్ధతే, మీ ఫ్రెండ్స్ చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ మిషన్ మీ గదిలోనే ఉండాలని లేదు. మిషన్ వాయిదా నెలనెలా కట్టాలి. ప్రతి ప్రింటుకీ క్లిక్ చార్జీ పడుతుంది. సర్వీసు కాంట్రాక్టు, ఏసీ, కరెంటు ఉంటాయి. టెక్నీషియన్ పెద్ద ఊరి నుంచి రావాలి. పెళ్లిళ్లు మాత్రం ఏడాది పొడవునా ఉండవు. మనకి ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. ఒడియా ఇళ్లలో దేవశయన ఏకాదశి తర్వాత మార్గశిరం దాకా చాలామంది ముహూర్తాలు పెట్టుకోరు. మన శ్రావణం పెళ్లిళ్లు కొంత ఆదుకుంటాయి, అంతే. నెలకి ఎన్ని ప్రింట్లు వేస్తే వాయిదా గట్టెక్కుతుందో లెక్క వేసి, పోయిన ఏడాది మీ ఆర్డరు పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. సగానికి కూడా రాదని నా అంచనా.

మీకు విజయనగరం రైలుంది. ఫైలు పంపి అక్కడో విశాఖలోనో డిజిటల్ ప్రింటు వేయించుకోండి. వాళ్లకి మీలాంటి షాపుల పని కావాలి, రేటు మాట్లాడితే తగ్గిస్తారు. ఉన్న డబ్బుతో మంచి కంప్యూటర్, ప్రూఫులకి చిన్న కలర్ ప్రింటర్, కటింగ్ మిషన్ కొనండి. మడత, ఫాయిలు, కవరు, దారం, ముత్యం అతికించడం లాంటి చేతిపని మీ షాపులోనే జరగాలి, లాభం అక్కడే ఉంది. రెండేళ్లలో బయట వేయించే ప్రింట్ల బిల్లు వాయిదాని దాటిపోతే అప్పుడు మిషన్ కొనండి. పెళ్లి కార్డులతో ఆగకండి. గృహప్రవేశం, బారసాల, అన్నప్రాశన, షష్టిపూర్తి, మా బరంపురంలో అయితే రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, ఇవన్నీ చిన్న చిన్న ఆర్డర్లే, కానీ ఏడాదంతా ఉంటాయి.

ట్రెడిల్ అమ్మకండి. మందం బోర్డు మీద క్రీజు (మడత గీత) కొట్టడానికి, బిల్లు పుస్తకాలకి నంబరింగు, పర్ఫరేషన్ (చింపుకునే చిల్లులు) వేయడానికి దాన్ని మించినది మీకు ఆ ధరలో రాదు. సీసం అక్షరాలతో కాగితంలోకి దిగేలా అచ్చువేసిన కార్డుని ఇప్పుడు బయటి దేశాల్లో ఎక్కువ డబ్బిచ్చి వేయించుకుంటున్నారు. నేను కూడా పోయిన ఏడాది నాలుగు పెళ్లిళ్లకి వధూవరుల పేర్లు మాత్రం అలా వేశాను. దూది కాగితం మీద వేలు పెడితే అక్షరం గుంట తగులుతుంది. ఆ పేర్లు వేయించుకున్న వాళ్లలో ఇద్దరు తర్వాత వచ్చి ఫ్రేము కట్టించుకోవడానికి ఇంకో ప్రతి అడిగారు.

అక్షరాల కేసులు తడిలేని చోట పెట్టండి. అది సీసం, యాంటిమొనీ, తగరం కలిపి పోసిన లోహం. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చిన్న పిల్లల్ని ఆడుకోనివ్వకూడదు. పాత సామాన్ల వాళ్లు బరువు తూచి డబ్బిస్తారు, వాళ్లకి అది సీసమే. తెలుగు అక్షరాలు పోసే చోటు ఇప్పుడు నాకు తెలిసి ఈ చుట్టుపక్కల లేదు. అయినా అమ్మక తప్పదనుకుంటే ముందు నాకు చెప్పండి. బరువుకి వాళ్లిచ్చేదాని కన్నా ఎక్కువే ఇస్తాను. నా కేసుల్లో 'క్ష'లు అరిగిపోయాయి, 'ణ' ఒత్తులు పదకొండే మిగిలాయి. మీ నాన్నగారి దగ్గర ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి రాయండి.